బండిలో ఏం పరవాలి

ఆ రోజు పొద్దున ఖానాపూర్‌లో మా వదినె తల్లి నాలుగు మోపుల వరిగడ్డి తెచ్చి నా బండి పక్కన పెట్టింది. నేను వద్దన్నాను. నా తప్పు అదే. గుంతల రోడ్డును తిట్టుకున్నాను, అడ్డమొచ్చిన మోటారు సైకిలును తిట్టుకున్నాను, చివరికి నోరులేని బర్రెను కూడా తిట్టుకున్నాను. కానీ ఆ గడ్డి నా బండి ఎక్కి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

వదినె అంటే మా అన్న భార్య. అన్న ఇంకా గల్ఫ్‌లోనే ఉన్నాడు. నేను అక్కడ చాలా ఏండ్లు బండి నడిపి, చాలనుకుని తిరిగొచ్చి ఒక పికప్ కొనుక్కున్నాను. పెద్దపల్లి పక్కన మా ఊళ్లో ఆమె ఇల్లు, మా ఇల్లు గోడకు గోడ. అన్న పంపే దాని కోసం ప్రతి నెలా ఎదురుచూడకుండా తన పాడి తనకుండాలని వదినెకు ఎప్పటినుంచో కోరిక. ఆ కోరిక తెలిసి ఆమె తల్లి ఈ ఏడు ఒక చూడి బర్రెను ఇస్తానన్నది. ఇంట్లో పుట్టి పెరిగిన బర్రె, రెండో చూలు. దాన్ని క్షేమంగా తెచ్చి వదినె కొట్టంలో కట్టేయడం నా పని. అన్న ఫోన్ చేసి మరీ అప్పగించాడు.

బండి కొన్నప్పటి నుంచి నాకు దాని అడుగు మీదే రంధి. వెనక బాడీలో అడుగున ఉండేది పలుచని ఇనుప రేకు. రంగు గీసుకుపోయిన చోటల్లా తుప్పు పట్టుకుంటుంది. మా ఊళ్లో ఒకాయన బండి అడుగును ఎరువు తినేసి, చిల్లుల్లోంచి కింద రోడ్డు కనబడేది. అది చూసిన నాటి నుంచి నాకు మనసున పట్టలేదు. సిమెంటు బస్తాలు వేస్తుంటే "మెల్లగ, మెల్లగ" అంటూ హమాలీల వెంట తిరిగేవాణ్ని. కిరాయి అయిపోయాక వంగి, అరచేత్తో రేకంతా తడిమి చూసేవాణ్ని. గోడ అవతల నుంచి వదినె చూసేది.

"ఏం మరిదీ, దినాం గట్ల నిమురుతున్నవ్, పాలిస్తదా ఏంది నీ బండి?"

చివరికి అడుగున ఏదైనా వేయిద్దామని కరీంనగర్ పోయాను. లారీలకు బాడీలు కట్టే షెడ్ల పక్కన తార్పాలిన్లు, సీటు కవర్లు, బండ్లలో పరిచే సామాను అమ్మే దుకాణం ఒకటి ఉంది. వదినె కూడా వచ్చింది. రాబోయే బర్రెకు కొట్టం మీద వేయడానికి ఆమెకు రేకులు కావాలి. అంటే, నేను బండిలో ఏం పరవాలో చూస్తున్న నాటికే ఆ బండిలో బర్రె రాబోతున్నదని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

దుకాణం భాయ్ గల్లా దగ్గరి నుంచి లేవకుండానే అడిగాడు.

"ఏమేస్తవ్ బండ్ల?"

"అన్నీ ఏస్త."

"అన్నీ అంటే? వడ్లా, గొర్లా, పెండ్లి సామానా?"

"ఏది దొరికితే అది భాయ్. అడుగు ఖరాబు కావద్దు, గంతే."

మొదట రబ్బరు పట్టా చూపించాడు. వేలెడు మందం, మీద అడ్డంగా నిలువుగా గీతలు. టైరు వాసన. చుట్ట విప్పడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

"దీని కింద నీళ్లు నిలుస్తయి కదా? తుప్పు పడితే?" అన్నాను.

"అప్పుడప్పుడు ఎత్తి ఆరబెట్టుకోవాలె."

"ఎవడెత్తుతడు భాయ్ గంత బరువు?"

తర్వాత చెక్కర్ ప్లేటు, అంటే మీద గింజలు గింజలుగా లేచి ఉండే ఇనుప రేకు. వదినె దాని మీద చేయి వేసి మురిసింది.

"గిది ఎయ్యి మరిదీ. కొత్త బిందె లెక్క మెరుస్తున్నది."

"ఎండకాలం దోసెలు పోసుకోవచ్చు దాని మీద," అన్నాను. పైగా దాన్ని అతకాలంటే వెల్డింగు చేయాలి. నా బండి రంగు కాలుతుంది. 

మూడోది గోడకు నిలబెట్టి ఉంది. నల్లటి ప్లాస్టిక్, అడుగూ పక్కలూ ఒకే ముక్కగా పెద్ద తొట్టి లాగా పోతపోసింది. దాన్ని చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. గల్ఫ్‌లో నేను నడిపిన బండిలో అచ్చం అదే ఉండేది. అక్కడ మేము వేసేవి ఏసీ డబ్బాలు, ఫ్రిజ్‌లు. వెనక తలుపు తీసి ఒక్క చేత్తో నూకితే డబ్బా ఆ చివరి దాకా జారిపోయేది. సాయంత్రం ఒక పైపు పట్టి నీళ్లు కొడితే అద్దంలా అయ్యేది. ఆ బండి నాది కాదు. దాన్ని కడిగిన ప్రతిసారీ, ఎప్పటికైనా నా బండికి ఇలాంటిది వేయించుకోవాలని అనుకునేవాణ్ని. ఇన్నేండ్లకు అది కరీంనగర్‌లో నా ముందు నిలబడి ఉంది.

"గిదే," అన్నాను.

వదినె వంగి దాని మీద అరచేయి పెట్టి అటూ ఇటూ జరిపింది.

"గిండ్ల కాలు నిలుస్తదా?"

"కాలెందుకు పెడ్తరు వదినె? గిది సామాన్లకు."

"మరి మా బర్రెను నెత్తిన పెట్టుకొని తెస్తవా?"

"బర్రెకు నాలుగు కాళ్లున్నయ్. రెండు కాళ్ల మనమే పడ్తలేం, గది పడ్తదా?"

భాయ్ కూడా నవ్వాడు. నేను మళ్లీ రబ్బరు దగ్గరికి పోయి, మళ్లీ ప్లాస్టిక్ దగ్గరికి వచ్చి, కొలతలు రెండుసార్లు పట్టించి, అంచు దగ్గర గీత ఉందేమోనని గోరుతో గీకి చూస్తుంటే ఆయన ఓపిక అయిపోయింది.

"బండికి ఏపిస్తున్నవా, పెండ్లిపిల్లకు చీర తీస్తున్నవా? ఏదో ఒకటి చెప్పు, నమాజ్‌కు పోవాలె."

ప్లాస్టిక్ వేయించుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో రెండుసార్లు ఆపి వెనక్కి వెళ్లి చూసుకున్నాను.

ఖానాపూర్‌లో నేను, వదినె బయలుదేరేసరికి పొద్దు కొంచెం ఎక్కింది. వదినె తల్లి బర్రెను కడిగి, కొమ్ములకు పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టి, కొత్త పలుపు కట్టింది. వాళ్ల దగ్గర ఆడపిల్లకు పశువును ఇస్తే ఉత్తగా పంపరు. దాని కొట్టంలోని గడ్డి నాలుగు మోపులు వెంట పంపుతారు. దారిలో కాళ్ల కింద పరుస్తారు. దిగాక మిగిలింది మొదటి నాలుగు రోజులు మేతగా వేస్తారు. కొత్త చోట పశువు బెంగ పెట్టుకోకుండా ఉండటానికి.

"గడ్డి పర్సు బిడ్డా," అన్నది ఆమె. "మా బర్రె ఎన్నడూ ఒట్టి రేకు మీద నిలవడలే."

"ఒట్టి రేకు కాదు అత్తమ్మా, కొత్తది ఏపిచ్చిన. దుబాయ్ బండ్లకు ఏసేది. ఏం గాదు."

నిజానికి నా లోపల ఉన్నది వేరు. గడ్డి పెండలో నాని ముద్దయి, నీళ్లు పోయే రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ కిందికి చెత్త పోతుంది. ఇంటికి పోగానే ఒక్క పైపుతో కడిగి మెరిపించాలన్నది నా ఆలోచన. ఆమె రెండోసారి కూడా అన్నది. వదినె నా ముఖం చూసింది. "మేతకైనా తీస్కపో," అన్నది తల్లి. మా ఊళ్లో గడ్డి లేదా అని నవ్వి వెనక తలుపు వేసి గొళ్లెం పెట్టాను. బర్రె ఎక్కేటప్పుడే ముందుకాలు ఒకసారి జారింది. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

జన్నారం రోడ్డంతా మెల్లగా నడిపాను. బర్రెను నాలుగు వైపులా తాళ్లతో కట్టి ఉంచాను. అద్దంలో దాని కొమ్ములు కనబడుతున్నాయి. లక్షెట్టిపేట దాటాక వెనక నుంచి ఒక చప్పుడు మొదలైంది. గిట్టలు నిలదొక్కుకోవడానికి గీరుకుంటున్న చప్పుడు. అది మూత్రం పోసినట్టుంది, తడిసిన ప్లాస్టిక్ మీద దాని కాళ్లు ఆగడం లేదు.

"ఆపు మరిదీ. పరేషాన్ అయితున్నది అది."

"బర్రె అన్నంక కదలదా వదినె? ఇంక రెండు గంటలల్ల ఇంటికాడ ఉంటం."

ఆపాలని నాకూ ఉంది. ఆపితే ఖానాపూర్‌లో వద్దన్న గడ్డి గురించి మాట్లాడాలి. ఆ మాట ఎత్తడం ఇష్టం లేక పోనిచ్చాను.

నస్పూర్ దగ్గర ఒక మోటారు సైకిలు పక్క గల్లీలోంచి అడ్డంగా వచ్చింది. నేను బ్రేకు గట్టిగా కూడా తొక్కలేదు. వెనక ఇల్లు కూలినట్టు చప్పుడైంది. బండి ఒక్కసారి కుంగి లేచింది.

దిగి వెనక తలుపు తీసేసరికి బర్రె బోర్లా పడి ఉంది. ముందుకాళ్లు మడతపడ్డాయి, వెనకకాళ్లు రెండూ చెరో పక్కకు చీలిపోయి కప్పలా పరుచుకుని ఉన్నాయి. పలుపు బిగిసి కళ్లు తేలేసింది. నేను కొడవలి వెతుకుతుంటే వదినె అప్పటికే ఎక్కి తాడు విప్పేసింది. బర్రె లేవబోయింది. కాలు ఆనించిన ప్రతిసారీ ఆ కాలు ఇంకా పక్కకు పోతున్నది. ప్రయత్నించిన కొద్దీ మరింత చీలుతున్నది. దాన్ని అట్లా చూస్తూ నేను చేతులు కట్టుకున్నట్టు నిలబడ్డాను.

పక్కన చాయ్ హోటల్. డ్యూటీ దిగి చాయ్ తాగుతున్న బొగ్గు బాయి కార్మికులు ఐదారుగురు లేచి వచ్చారు. ఒకాయన ప్లాస్టిక్ మీద కాలు పెట్టి జారి, బండి పక్క పలక, డాలా పట్టుకుని నిలబడ్డాడు.

"గిదేం పరిచినవయ్యా, ఐసు మీద నిలవెట్టినట్టు?"

హోటల్ వెనక బొగ్గుపొయ్యి బూడిద కుప్ప ఉంది. వాళ్లు తట్టలతో ఆ బూడిద తెచ్చి బర్రె చుట్టూ చల్లారు. అప్పుడు మనుషుల కాళ్లు ఆగాయి. వెనకకాళ్లను దగ్గరికి తెచ్చి, మళ్లీ చీలకుండా వదులుగా జతచేసి కట్టారు. కడుపు కింద గోనెపట్టా దూర్చి అందరూ కలిసి ఎత్తారు. బర్రె మూలిగింది గానీ లేవలేదు. రెండోసారి ఎత్తినా లేవలేదు.

"ఇంకా ఎత్తకుండ్రి, కడుపుతోటి ఉన్నది," అని వదినె ఆపింది. "ఇంటికి పోదాం."

ఆమె ముందుకు రాలేదు. వెనకనే బూడిదలో కూర్చుని, బర్రె తల ఒళ్లో పెట్టుకుంది. నేను తలుపు వేస్తుండగా ఆమె ఫోన్ మోగింది. అన్న.

"బర్రె ఎక్కిందా?" అన్న గొంతు నాకు వినబడుతూనే ఉంది.

"ఎక్కింది. వస్తున్నం. తొవ్వల ఉన్నం," అన్నది వదినె. గొంతులో ఏ తేడా లేదు. "మరిది మంచిగనే నడుపుతున్నడు. నువ్వు ఫికర్ జెయ్యకు, పని సూస్కో."

ఫోన్ పెట్టేసి నా వైపు చూడలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

గోదావరి వంతెన మీద, ఆ తర్వాత రోడ్డు పొడవునా నేను అద్దంలోకి చూడలేదు. కొమ్ములు కనబడవని తెలుసు.

ఊళ్లో పశువుల డాక్టర్ వచ్చి కాళ్లన్నీ పట్టి చూశాడు. ఎముక విరగలేదని, తొడ లోపలి కండలు సాగిపోయాయని చెప్పాడు. కడుపులో దూడ కదులుతున్నదట. ఇంజక్షన్లు చేశాడు. మెత్తటి మట్టి మీద పడుకోబెట్టి, ఒక్క పక్కే ఉండనీయకుండా పొర్లించాలన్నాడు.

"రెండు మూడు దినాలల్ల లేస్తే లేచినట్టు. బరువు పశువు, ఎక్కువ దినాలు పడుకుంటే కాలు చచ్చుబడ్తది," అన్నాడు.

ఆ మాట వదినె విన్నది, నేనూ విన్నాను. కొత్త రేకులు వేసిన కొట్టం కింద ఆమె పాడి కూలబడి ఉంది. చీకటి పడేదాకా ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి పొర్లిస్తూనే ఉన్నాను. ముందు గడ్డి వేశాను. మూతి తిప్పుకున్నది. కుడితి పెట్టినా ముట్టలేదు.

తెల్లారి బండి దగ్గరికి పోయి ఆ ప్లాస్టిక్ తొట్టికి ఉన్న బోల్టులన్నీ విప్పి, బయటికి లాగేశాను. కింద రేకు కొత్తగా, నున్నగా ఉంది. ఒక్క గీత లేదు. నేను కోరుకున్నది నాకు దక్కింది. అక్కడ నిలబడి దాన్ని చూస్తుంటే సిగ్గేసింది. బండి మీద ఉన్న భయం అంతటిలో ఆ బండెక్కే ప్రాణానికి కొంచెం కూడా మిగల్చలేదు నేను.

వదినెకు చెప్పి ఖానాపూర్ బయలుదేరాను. ఆమె తల్లికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ వద్దన్నది ఎదురుగా నిలబడి కదా, చెప్పడం కూడా ఎదురుగానే చెప్పాలనిపించింది. దారి పొడవునా ఏమనాలో మాటలు కూర్చుకున్నాను. ఆమె ముందుకు పోయాక ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అత్తమ్మా, నువ్వు గడ్డి పర్సుమంటే నేను వద్దన్న. బర్రె జారి పడ్డది. లేస్తలేదు. తప్పు నాదే."

ఆమె చేతిలోని చాట కింద పెట్టింది.

"కాలిరిగిందా?"

"లేదన్నడు డాక్టర్."

"కడుపుల దూడ?"

"కదులుతున్నది."

"తింటున్నదా?"

"ముట్టుతలేదు."

కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"దుబాయ్‌ల బర్రెలను ఏసిన్రా నువ్వు నడిపిన బండ్ల?"

"లేదు అత్తమ్మా. డబ్బాలు."

"మరి డబ్బాలకు పరిచేది మా బర్రెకు పరిచినవా అల్లుడా?"

నాలుగు మోపులూ ఆమె నిన్న పెట్టిన చోటనే, గోడ పక్కన ఉన్నాయి. ఎవరూ తీయలేదు. వాటి వైపు చేయి చూపించి, "ఇగ ఇయ్యాల గూడ వద్దంటవా?" అన్నది. నేను ఒక్కొక్కటే ఎత్తి బండిలో వేసుకున్నాను. ఆమె లోపలికి పోయి మరో మోపు తెచ్చింది.

ఇంటికి వచ్చి ఒక మోపు దాచిపెట్టి, మిగతా గడ్డి సగం బర్రె కింద పరిచి, సగం ముందు వేశాము. అది మొదట వాసన చూసింది. చాలాసేపు వాసనే చూసింది. తర్వాత నాలుక చాపి ఒక పరక లాగింది. వదినె కొంగుతో ముఖం తుడుచుకుని, "తల్లిగారింటి తిండి అయితేనే దిగుతది మహారాణికి," అన్నది. నిన్నటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి పరాచికం అది.

మూడో రోజు పొద్దున బర్రె తనంతట తానే వెనకభాగం ఎత్తబోయింది. మేము పరుగెత్తి కడుపు కింద గోనెపట్టా వేసి పట్టుకున్నాము. కాళ్లు గడగడ వణికాయి. గిట్టలు గడ్డిలోకి దిగి, మట్టిని పట్టుకుని ఆగాయి. "ఇడువకుండ్రి, ఇడువకుండ్రి," అని వదినె అరుస్తూనే ఉంది. అది నిలబడింది. కాసేపే. మళ్లీ కూలబడింది. సాయంత్రం ఇంకొంచెంసేపు నిలబడింది. ఇప్పుడు నడుస్తున్నది, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నది. ఈనడానికి ఇంకా సమయం ఉంది. ఈనేటప్పుడు ఆ కాలు బరువు మోస్తుందో లేదో డాక్టర్ కూడా చెప్పలేకపోతున్నాడు. రోజూ పొద్దున లేవగానే గోడ మీది నుంచి చూస్తాను, నిలబడి ఉందా పడుకుని ఉందా అని. బండిని నిమరడం మానేశాను.

బర్రె నిలబడిన రోజే అన్నకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. వదినె దాచిందని కాదు, నేను పడగొట్టానని చెప్పాను. అన్న ముందు కాలు గురించి, దూడ గురించి అడిగాడు. చివరికి, "ఈనేదాక దాని పని నీదే," అన్నాడు. నా పనే. పొద్దున గడ్డి కోయడం, కాలికి నూనె పట్టించడం, కడగడం నేనే చేస్తున్నాను.

తర్వాత కరీంనగర్ పోయాను. భాయ్ నన్ను గుర్తుపట్టి, "ఏమైంది, చీర నచ్చలేదా?" అన్నాడు. చెప్పులు విప్పి, కుండలోంచి నీళ్లు తీసి నా పాదాల మీద పోసుకుని, అక్కడ పరిచి ఉన్న ప్రతిదాని మీదా ఎక్కి నడిచాను. చెక్కర్ ప్లేటు మీద కూడా మడమ జారింది. రబ్బరు పట్టా మీద ఆగింది.

"ఏమేస్తవ్ బండ్ల?" అని ఆయన అలవాటుగా అడిగాడు.

"బర్రెను," అన్నాను.

రబ్బరు వేయించుకుని ఊరికి వచ్చాక, మా వాడకట్టు ట్రాక్టర్ డ్రైవర్‌ను పిలిచి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. పట్టా మీద బిందెడు నీళ్లు పోసి, చెప్పుల్లేకుండా వెనక ఎక్కి నిలబడ్డాను. ఊరి ముందరి స్పీడ్ బ్రేకర్ల మీదుగా పోనిచ్చి, మధ్యలో ఒకచోట బ్రేకు తొక్కమన్నాను. వదినె కొట్టం దగ్గరి నుంచి చూస్తున్నది.

"ఓ మరిదీ, డాలా పట్టుకో! పడి పళ్లు రాలగొట్టుకుంటవ్!"

"బర్రెకు పట్టుకోను చేతులు లేవు కదా వదినె," అన్నాను.

అతను బ్రేకు తొక్కాడు. ముందుకు తూలాను గానీ పాదాలు కదలలేదు. చాలదనిపించి దిగి, ఖానాపూర్ గడ్డిలో మిగిలిన మోపు విప్పి ఆ రబ్బరు మీద పలుచగా పరిచాను. మళ్లీ ఎక్కి, ఇంకోసారి పోనిమ్మన్నాను.